కొసకొమ్మకు ఎక్కే పురుగు

అక్టోబర్ 24

కంది పూతకు వచ్చింది. తూర్పు సాళ్ళలో మొగ్గల మీద గుడ్లు కనిపించాయి. గసగసాల కంటే చిన్నవి. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికి వస్తుంది.

ఈ ఏడు పురుగుమందు తేను. పోయిన ఏడు నేను పంపు వీపున వేసుకున్నాను, కొండవ్వ నీళ్ళు మోసింది, గాలి ఆమె వైపు తిరిగింది. సిద్దిపేట దవాఖానలో రెండు రోజులు నన్ను చూసి ఎవరో అనుకుంది. పురుగు మాత్రం చావలేదు. దాని గురించి ఇంకేమీ రాయను.

తుమ్మ కర్రలు నరికి, పైన అడ్డకర్ర కట్టి, చేనులో అక్కడక్కడ పాతాను. పురుగును ఏరుకు తినే పిట్టలు వాలడానికి. గెట్టు అవతల చేను కొండవ్వ తమ్ముడు నర్సింహది. అక్కడి నుంచి చూస్తూ నిలబడ్డాడు.

"బావా, పిట్టలకు కుర్చీలేస్తున్నవా?"

"ఆఁ."

"ఫ్యాన్లు గూడ పెట్టియ్యరాదు. ఉక్కపోస్తది వాటికి."

నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు మంచివాడే. భివండి మగ్గాలు వదిలి కొండవ్వ వాటా చేను చేసుకోవడానికి ఈ ఊరు వచ్చినప్పుడు నాతో ముందు మాట్లాడింది వాడే. ఏడేళ్ళయినా మిగతా ఊరికి నేను ఇంకా కొండవ్వ పెనిమిటినే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ.

అక్టోబర్ 26

పిట్టలు రాలేదు. పుస్తకంలో అన్నంలో పసుపు కలిపి ముద్దలు పెట్టమని ఉంది. కరీంనగర్ రైతు మేళాలో తెచ్చుకున్న చిన్న పుస్తకం. పసుపు రంగు చూసి వస్తాయట.

కొండవ్వతో చెప్పాను.

"ఇంట్ల మనిషికి తొక్కుతోటి ఎల్లదీస్తున్న. పిట్టలకు పులిహోరనా?"

"కొంచెమే వండు."

"కొంచెం ఎందుకు, పెసరపప్పు గూడ ఏస్త. పాయసం గూడ చేస్త. నీకొక్కనికే లేనిది."

వండింది. నేను కొంచెమన్నాను కాబట్టి గిన్నె నిండా వండింది.

అక్టోబర్ 28

పిట్టలు వచ్చాయి. తోక చీలిన నల్లవి, గోరింకలు, ఒక పాలపిట్ట. ఒక్కో కర్ర మీద ఒక్కొక్కటి. ముద్దలు తిని, తర్వాత పురుగు కోసం దిగాయి.

అక్టోబర్ 30

పిట్టలన్నీ నర్సింహ చేను వైపు ముఖం పెట్టి కూర్చుంటున్నాయి. అరవడం లేదు. గాలికి ఎదురుగా కూర్చోవడం వాటి అలవాటు.

అక్టోబర్ 31

ఈ రోజు గాలి తిరిగింది. పిట్టలు తిరగలేదు.

నవంబర్ 2

పడమటి సాళ్ళలో కొన్ని మొక్కల కొసన పురుగులు వేలాడుతున్నాయి. తల కిందికి, వెనక కాళ్ళతో కొమ్మను పట్టుకొని. ఒళ్ళు నల్లబడి మెత్తగా సంచిలా అయింది. ముట్టుకుంటే పగిలి నీళ్ళు కారాయి.

ఇది రోగం. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. కందిని తినే ఈ పచ్చపురుగుకు తప్ప ఇంకే జీవికీ అంటదు. మనిషికి ఏమీ కాదు. చచ్చిన పురుగులను ఏరి, నూరి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్ళను చేను మీద కొడితే తక్కిన పురుగుకు అంటుకుంటుంది. ఎండ తగిలితే బలం పోతుంది కాబట్టి పొద్దుగూకాక కొట్టాలి. ఎండ నుంచి కాపాడడానికి బట్టల నీలిమందు, ఆకుకు అంటుకోవడానికి బెల్లం కలపాలి.

పచ్చడి సీసాలోకి ఏరాను. పెరట్లో పాత రోలులో నూరాను. వాసన వీధి దాకా పోయినట్టుంది. పక్కింటివాళ్ళు తలుపు వేసుకున్నారు.

"ఆ రోలు మళ్ళ నా ఇంట్లకు రావద్దు," అంది కొండవ్వ.

"కడుగుత."

"కడిగినా రావద్దు. నువ్వు గూడ తానం జెయ్యక రావద్దు."

స్నానం చేశాకే వచ్చాను.

నవంబర్ 3

పొద్దు కుంకేటప్పుడు కొట్టాను. నీళ్ళు నీలంగా ఉన్నాయి. గెట్టు మీది తాడిచెట్టు పైన పోశయ్య కల్లు గీస్తున్నాడు. పై నుంచే పిలిచాడు.

"బుచ్చన్నా, గా రంగేంది?"

"నీలిమందు."

"కందులను ఉతుకుతున్నవా?"

"పురుగుకు."

"పురుగు తెల్లగయితదా?"

నేను పని చేసుకుంటూ పోయాను. కాసేపయ్యాక మళ్ళీ వినిపించింది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"ఇన్నేండ్ల సంది ఈ చెట్టెక్కుతున్న. ఇట్ల మునిమాపున చేన్ల నీలం జల్లినోణ్ణి సూడలే."

ఖర్చు: బెల్లం, నీలిమందు. కొండవ్వ బెల్లం దాచిపెట్టింది, మళ్ళీ కొన్నాను.

నవంబర్ 6

కోహెడలో చాయ్ హోటల్‌కు పోయాను. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. నేను చాయ్ తాగినంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు. బయటికి వచ్చాక మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎవరి పని వాళ్ళది.

నవంబర్ 9

తెల్లవారుజామున మంచు. చేనుకు పోయేసరికి ముందు ఏమీ కనిపించలేదు. దగ్గరికి పోయాక కనిపించింది. ప్రతి మొక్క కొసనా ఒకటి. కొన్నిటికి రెండు మూడు. అన్నీ తల కిందికి. పిట్టలు వాటిని తినకుండా కర్రల మీద కూర్చొని చూస్తున్నాయి.

చచ్చే ముందు పురుగు పైకి ఎందుకు ఎక్కుతుందో పుస్తకంలో ఉంది. అది దాని ఇష్టం కాదట. లోపలి రోగమే దాన్ని ఎక్కిస్తుందట. పైన చస్తే కారిన నీళ్ళు కింది ఆకుల మీద పడతాయి, ఆ ఆకు తిన్న పురుగు మళ్ళీ పైకి ఎక్కుతుంది. చదివినప్పుడు మామూలుగానే అనిపించింది.

పంటకు చాలా మంచిది. చాలాసేపు చేనులోనే నిలబడ్డాను.

నవంబర్ 10

కొండవ్వ చేనుకు రాలేదు. కాలు నొప్పి అంది.

నవంబర్ 11

నర్సింహ గెట్టు దాటి వచ్చాడు. చెప్పులు లేవు.

"బావా, నా చేన్ల గూడ అట్లనే ఏలాడుతున్నయి. నేనేం కొట్టలే. నువ్వేమన్న కొట్టినవా?"

"లేదు."

"మరి గెట్టు ఎట్ల దాటె?"

"మంచిదే," అన్నాను.

వాడు నా ముఖం చూస్తూ ఉన్నాడు. పిట్టలు రెట్టతో రోగాన్ని మోసుకుపోతాయి, గాలికి కూడా పోతుంది, దానితో వాడి కందికి కూడా లాభమే, ఇదంతా చెప్పాలి. చెప్పడానికి చాలాసేపు పడుతుంది. అప్పుడే కరెంటు వచ్చింది. మోటారు దగ్గరికి పోయాను. రేపు చెబుదామనుకున్నాను.

నవంబర్ 12

నర్సింహ మందు కొట్టుకున్నాడు. తాగలేదు, కొట్టాడు. మూడు రకాలు ఒకే పంపులో కలిపి, అంగీ లేకుండా, గాలికి ఎదురుగా. ఆ వేలాడేవి కనబడకుండా పోయేదాకా ఆపనన్నాడట. సగం చేను అయ్యాక పడిపోయాడు. చెట్టు మీది నుంచి పోశయ్య చూసి అరిచాడు. నోట్లో నురగ. కనుపాపలు సూదిమొనంత అయ్యాయి.

ఆటోలో సిద్దిపేట తీసుకుపోయాం. వాడి తల నా ఒళ్ళోనే ఉంది.

నవంబర్ 13

దవాఖాన వరండాలో నర్సింహ భార్య భవాని నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అన్నా, నీకు దండం పెడుత. ఆయన మీదికెల్లి తీసెయ్యి."

"ఏం తియ్యాలె?"

"నీకు ఎరికే. చేను కావాలంటే చేనే తీస్కో. సంతకం పెడుత."

"మందు వట్టింది భవానీ. గంతే. డాక్టర్లు సూస్తున్నరు."

"మందు అందరు కొడుతున్నరు. అందరికి పట్టిందా?"

పక్కన కూర్చున్నవాళ్ళు లేచి దూరంగా పోయి కూర్చున్నారు. వాళ్ళు మా ఊరివాళ్ళు కూడా కాదు.

నవంబర్ 14

పోశయ్య వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వాకిట్లో నిలబడి నేలను చూస్తూ మాట్లాడాడు.

"నేను ఏమనుకోవట్లే బుచ్చన్నా. ఊర్ల అనుకునేది జెప్తున్న. పసుపన్నం అంటున్నరు. పురుగులను నూరిండు అంటున్నరు. మునిమాపున నీలం జల్లిండు అంటున్నరు. గాదంత నేనే సూసిన గదా, లేదని ఎట్లంట?"

"పిట్టల కోసం."

"నాకు జెప్పకు. ఊరికి జెప్పు. మా చిన్నప్పుడు పక్క ఊర్ల ఒక ముసలాయన ఉండె. బాణామతి జేస్తుండని పండ్లన్ని రాలగొట్టిన్రు, మంత్రం నోటికి రావద్దని. తర్వాత గాయన ఏం జెప్పినా ఎవ్వలికి సమజ్ కాలే."

పోయేటప్పుడు వెనక్కి నడిచాడు. వీపు నాకు చూపించలేదు.

రేపు ఊరిలో చెప్పాలి. ఎవరితో మొదలు పెట్టాలో ఆలోచించాలి.

నవంబర్ 15

మాటలు నా చేత కావు. అందుకే రాసుకుంటాను.

పొద్దున లేచేసరికి కొండవ్వ మంచం పక్కన కింద కూర్చొని ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఒక్కటే మాట. తీసెయ్యి. నేనెవ్వలికి జెప్ప."

"కొండా, నేనేం పెట్టలే. నీకు గూడ తెల్వదా? అన్నం నువ్వే వండితివి."

"వండిన. నా చేతులతోని వండిన. గందుకే నిద్ర వడ్తలేదు."

"పెట్టంది ఎట్ల తియ్యాలె? అక్కడ ఏం లేదు."

"లేకపోయినా తీసెయ్యి."

ఆమె ముఖం చూశాను. పోయిన ఏడు దవాఖానలో చూసినట్టే చూస్తోంది, నేనెవరో తెలియనట్టు.

సరే అన్నాను.

నాకు తీయడం తెలియదు. తెలిసిన పనే చేశాను. సీసా తీసుకొని నర్సింహ చేనులోకి దిగాను. మందు పడని సగంలో కొసకొమ్మలకు ఉన్న పురుగులను ఒక్కొక్కటిగా ఏరాను. కొండవ్వ, భవాని గెట్టు మీద నిలబడ్డారు. కాసేపటికి వాళ్ళ వెనక ఇంకొందరు వచ్చారు. పోశయ్య చెట్టు సగంలో మోకు మీద ఆగిపోయి చూస్తున్నాడు. పెదవులు కదిలితే మంత్రం అనుకుంటారని నోరు గట్టిగా మూసుకున్నాను. గెట్టు పక్కన గుంత తవ్వి, సీసా పెట్టి పూడ్చాను.

తిరిగి చూస్తే అందరూ చెప్పులు విడిచి ఉన్నారు.

నవంబర్ 16

నర్సింహ కళ్ళు తెరిచాడు. నీళ్ళు అడిగాడు. నేను గుంత పూడ్చగానే తెరిచాడని భవాని అందరికీ ఫోన్ చేసి చెప్పింది. నాలుగు రోజుల నుంచి గంటగంటకూ సూదులు వేసినవాళ్ళ గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కొండవ్వ ఏడ్చింది. నన్ను ముట్టుకోలేదు.

సాయంత్రానికి తెలిసింది. పెట్టినవాడే తీయగలడట. ఇంతకుముందు అనుమానమే ఉండేది. నేను పోయి తీసి వచ్చాను.

నవంబర్ 17

బస్సులో నా పక్క సీటు సిద్దిపేట దాకా ఖాళీగా ఉంది. జనం నిలబడే వచ్చారు.

నవంబర్ 18

గెట్టు మీద లొట్టి నిండా కల్లు పెట్టి ఉంది. పోశయ్య చెట్టు పైనే ఉన్నాడు. పిలిచాను. పలకలేదు. తాగకపోతే ఏమనుకుంటాడోనని తాగాను.

నవంబర్ 19

పడమటి చేను రాజమల్లయ్యది. వాడు పంపులో మందు కలుపుతున్నాడు. గాలి నా చేను వైపు ఉంది. ఆ మందు ఇటు పడితే పురుగును తినే సాలీళ్ళు, కందిరీగలు అన్నీ పోతాయి, ఇన్ని రోజుల పనీ పోతుంది. చెబుదామని గెట్టు దాకా పోయాను. నేను నోరు తెరవకముందే డబ్బాకు మూత పెట్టాడు.

"కొట్టనన్నా. ఊరికెనే కలిపి సూస్తున్న. పిల్లలు గలోణ్ణి."

పంపు భుజాన వేసుకొని ఇంటికి పోయాడు. నేనేమీ అనలేదు. నిలబడ్డాను, అంతే.

నవంబర్ 20

ఈ రోజు ఉత్తరం వైపు గెట్టు మీద నిలబడ్డాను.

నవంబర్ 21

దక్షిణం.

నవంబర్ 22

చుట్టూ ఎవరూ మందు కొట్టడం లేదు. చేనులోకి పోతే రెక్కల చప్పుడు వినిపిస్తోంది. కందిరీగలు, తూనీగలు, పేర్లు తెలియనివి. ఆకుల కింద సాలెగూళ్ళు. కాయ శుభ్రంగా ఉంది. ఇది పుస్తకంలో ఉన్నట్టే జరుగుతోంది. ఒక్క చేనులో చేస్తే లాభం తక్కువ, చుట్టూ అందరూ కలిసి చేస్తేనే పూర్తి ఫలితం అని చివరి పేజీలో ఉంది.

ఎవరినీ బెదిరించలేదు. గెట్టు మీద నిలబడే హక్కు ఎవరికైనా ఉంటుంది.

నర్సింహ ఇంటికి వచ్చాడట. కొండవ్వ పోయి చూసి వచ్చింది. నన్ను రమ్మనలేదు.

నవంబర్ 23

మధ్యాహ్నం ఒక ఆడమనిషి వచ్చింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏ ఊరో చెప్పలేదు. సంకలో నల్లకోడి.

"పెద్దయ్యా, మా ఆడిబిడ్డకు ఏమన్న జెయ్యాలె. సావొద్దు. మంచం పడితే సాలు."

"నాకేం రాదమ్మా."

"అందరు గట్లనే అంటరు ముందుగాల."

కోడిని గుంజకు కట్టేసి పోయింది. వెనక్కి పిలిచాను. ఇంకా వేగంగా నడిచింది. కొండవ్వ తలుపు సందులోంచి చూస్తోంది. ఆమె ఏ ఊరో తెలియదు కాబట్టి కోడిని విప్పి పంపడానికి లేదు. గింజలు వేశాను.

నవంబర్ 24

ఏఈఓ మేడం సుచిత్ర బండి మీద వచ్చింది. మా క్లస్టర్‌కు కొత్తగా వచ్చిన వ్యవసాయ విస్తరణ అధికారి. నా చేను తిరిగి ఫోటోలు తీసింది. తర్వాత చుట్టూ ఉన్న చేన్లు చూసింది.

"బుచ్చిరాములు గారూ, ఇంతమంది మందు మానేశారా? నేను ఒక్కరిని ఒప్పించడానికి మూడు సార్లు తిరుగుతాను. మీరు ఎట్ల చెప్పారు వీళ్ళకు?"

"ఏం చెప్పలేదు మేడం."

"చూసి నేర్చుకున్నారన్నమాట. శనివారం ఇక్కడే రైతులను పిలుద్దాం. మీరే మాట్లాడాలి. పిట్టల కర్రలు, పసుపన్నం, పురుగుల రోగం, అన్నీ. నేను మాట్లాడితే వినరు, మీరు మాట్లాడితే వింటారు."

ఆమె పోగానే కొండవ్వ బయటికి వచ్చింది. చాలా రోజుల తర్వాత నా ఎదురుగా నిలబడింది.

"ఆమె అన్నది నిజమేనా? పసుపన్నం పుస్తకంల ఉన్నదా?"

"నేను ముందే జెప్పిన గదా."

"నువ్వు కొంచెమే వండు అన్నవు. గంతే జెప్పినవు. పుస్తకం అనలే."

ఆలోచించాను. అనలేదు.

"శనారం అందరి ముందట జెప్పు. ఒక్కటి ఇడువకుండ జెప్పు. నాకేం రాదు, నేనేం పెట్టలే, నేనేం తియ్యలే, అని గట్టిగ జెప్పు. మా తమ్ముడు గూడ ఇనాలె. జెప్పినవంటే ఇదంత పోతది. లేకుంటే నేను ఈ ఇంట్ల ఎట్ల బతుకుడు? నీ ముందట కంచం పెట్టాల్నంటే భయమైతున్నది."

"చెప్త."

నవంబర్ 27

రోజూ సాధన చేస్తున్నాను. కొండవ్వే ఊరు. పీట మీద కూర్చొని ఒక్కొక్కరిలా అడుగుతుంది.

"పోశయ్యను అడుగుతున్న. గా నీలం ఏంది బుచ్చన్నా?"

"బట్టల నీలిమందు. ఎండ తగలకుండ..."

"గట్టిగ. పోశయ్యకు చెవుడు. చెట్టు మీద ఉన్నడు."

"బట్టల నీలిమందు!"

"గంత ఒర్రకు, కిందవడి సస్తడు. గది గూడ నీ మీదనే ఏస్తరు."

అని నవ్వింది. నవ్వాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మళ్ళీ నవ్వింది. ఈ ఇంట్లో ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. పులుసులో ఉప్పు ఎక్కువైందన్నాను. నువ్వు మాటలు నేర్చుకో, వంట నేను చూసుకుంటానంది.

నవంబర్ 28

ఆ కోడిని కూడా పోశయ్య చేత కోహెడ సంతకు పంపేయమని కొండవ్వ అంది. రేపు మాట్లాడాక పంపుతాను.

కంది కాయలో గింజ పాలు పోసుకుంటోంది. గింజ గట్టిపడేదాకా ఈ పదిహేను రోజులే ముఖ్యం.

నవంబర్ 29

సభ జరిగింది.

అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. నా చేనులోకి ఎవరూ దిగలేదు. గెట్టు మీదే వరసగా నిలబడ్డారు. నర్సింహ కూడా వచ్చాడు. చిక్కిపోయాడు. భవాని భుజం పట్టుకొని నిలబడ్డాడు, నన్ను చూడలేదు. కొండవ్వ వాళ్ళ పక్కన ఉంది. నేను చూసినప్పుడు తల ఊపింది.

మేడం ముందు మాట్లాడింది. పిట్టల కర్రలు చూపించింది. తర్వాత, మిగతాది మీ బుచ్చిరాములు గారే చెబుతారు అంది.

లేచి నిలబడ్డాను. మొదటి మాట నోట్లోనే ఉంది. పిట్టల కోసం.

అప్పుడు రాజమల్లయ్య చేతులు కట్టుకొని ముందుకు వచ్చాడు.

"బుచ్చన్నా, ముందుగాల ఒక్కటి జెప్పు. నీ నోటితోని. ఇగ మేము మందు కొట్టుకోవచ్చునా?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. అవతల వాడి చేను కనిపిస్తోంది, దాని పక్కన ఇంకొకరిది, దాని పక్కన ఇంకొకరిది. దేని మీదా మందు వాసన లేదు. నేను అనుకున్న మాట చెబితే ఇంటికి పోయి పంపులు తీస్తారు. సాయంత్రానికి గాలి నా చేను మీదికి మందు తెస్తుంది. నాకేం రాదు అనడం ఎంతసేపు? ఒక్క క్షణం. ఇంత చేను ఒక్క క్షణంలో పోతుంది. పదిహేను రోజులయ్యాక చెప్పినా అదే మాట. అప్పుడు చెప్పినా నిజం నిజమే.

"వద్దు," అన్నాను.

అందరూ ఒకేసారి తల ఊపారు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. నర్సింహ రెండు చేతులూ జోడించాడు. మేడం చప్పట్లు కొట్టింది. అలా స్పష్టంగా చెప్పాలి అంది. ఫోటో తీసింది. ఫోటోలో నా పక్కన ఎవరూ నిలబడలేదు, మేడం తప్ప.

చూసేసరికి కొండవ్వ అక్కడ లేదు.

గొంతు పట్టేసింది. అందుకే ఎక్కువ మాట్లాడలేకపోయాను.

నవంబర్ 30

కొండవ్వ తమ్ముడి ఇంట్లో పడుకుంది. పొద్దున పోయి గడప బయట నుంచి పిలిచాను. ఇంటికి రా అన్నాను. కాలు నొప్పి అంటుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. భవాని లోపలే ఏడుస్తోంది. నర్సింహ అడ్డం వచ్చాడు కానీ నేను చూడగానే పక్కకు జరిగాడు. కొండవ్వ చెప్పులు వేసుకొని నా వెనకే వచ్చింది.

వాకిలి ఊడ్చింది. వంట చేసింది. పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది. నాకు వడ్డించి గోడకు ఆనుకొని నిలబడింది.

"చెప్త కొండా. పదిహేను రోజులు ఆగు. గింజ గట్టివడని. అప్పుడు అందరికి చెప్త."

"మంచిది."

"నిన్న ఎందుకు చెప్పలేదో అడగవా?"

"అడగమంటే అడుగుత."

నిన్నటి నుంచి ఆమె తిన్నట్టు లేదు. కూర్చోమన్నాను. కూర్చుంది. కంచంలో అన్నం పెట్టి తినమన్నాను. తింది. నన్నే చూస్తూ, ఒక ముద్ద తర్వాత ఒక ముద్ద, నమలడం ఆపకుండా. ఇంకా పెట్టాను. అదీ తింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు ఆగలేదు. అప్పుడు గిన్నె పక్కకు జరిపాను.

కంచం ఖాళీ అయింది. ఆమె చెయ్యి కంచంలోనే ఉంది. లేవలేదు.

లెమ్మనాలి. లెమ్మంటే లేస్తుంది.

ఆ మాట అనలేక ఈ డైరీ ముందేసుకున్నాను. రాసి తలెత్తి చూశాను. చెయ్యి ఎండిపోయింది. ఇంకా కూర్చునే ఉంది.